దిమ్మిస కొట్టిన మడి

మా ఊరు తిమ్మాజిపేటకు దగ్గర. దసరా పోయిందంటే మేస్త్రీ లారీ వస్తుంది. ఊళ్లో సగం మంది మగవాళ్లను ఎక్కించుకుని ఏ పుణెకో, ఏ కాలువ పనికో తీసుకుపోతుంది. వాళ్లు మళ్లీ తొలకరికే కనిపించేది.

కురుమయ్య పెళ్లయిన ఏడాది నుంచీ ఆ లారీ ఎక్కుతున్నాడు. పోసిన మట్టి మీద నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి రాయిలా గట్టిపరచడంలో గుంపులో అతన్ని మించినవాడు లేడు. అతను కొట్టిన కట్టలోంచి నీటిచుక్క కారదట. ఈ మాట ఊరికి చెప్పింది కురుమయ్యే అనుకోండి.

ఇంటి దగ్గర బర్రె, చెలకలో కంది ఉన్నాయి కాబట్టి భార్య దేవమ్మ ఉండిపోయేది. ఉండి ఏం చేసేదంటే, ఎదురుచూసేది. ఆ సంగతి నోటితో మాత్రం అనేది కాదు. పోయేటప్పుడూ నవ్వేది, వచ్చినప్పుడూ నవ్వేది.

రెండువేల నాలుగు ఎండాకాలంలో నాగర్‌కర్నూల్‌లో ఒక సంస్థవాళ్లు ఆడవాళ్లకు పెరటి సాగు నేర్పించారు. నేర్పిన మాలతి మేడమ్ చెప్పింది ఇదీ: రెండు పారల లోతు తవ్వాలి. పైమట్టి పక్కన పోసి, కిందిమట్టిని గడ్డపారతో గుల్ల చెయ్యాలి. పెంట ఎరువు, ఆకు కలిపి మళ్లీ నింపాలి. ఆ తర్వాత ఆ మడిలో ఎవరూ కాలు పెట్టకూడదు. అట్లాంటివి నాలుగుంటే ఇల్లు గడవడమే కాదు, సంతకు కూడా కాయ పోతుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు విన్నారు. ఇంటి దగ్గరే కడుపు నిండితే మనిషి లారీ ఎక్కడు అని దేవమ్మ విన్నది.

ఎండాకాలమంతా తవ్వింది. నాలుగు అనుకున్నది ఒకటే అయింది. మనిషి పొడుగున, నేలకు జానెడు ఎత్తులేచి ఉన్న ఆ మడిని చూసి పక్కింటి నవనీత, “మొగుడు ఊర్ల లేనప్పుడు ఎవర్ని బొంద పెట్టినవక్కా” అని అడిగింది. దేవమ్మ రెండు రోజులు దాని మీద చీర ఆరేసి దాచింది.

వంగ నారు కోసం ఆమె నాగర్‌కర్నూల్ పోయిన రోజే కురుమయ్య పుణె నుంచి దిగాడు. పెరట్లోకి పోయి చూశాడు. మట్టి పోసింది సరే, పాపం, ఆడమనిషికి కొట్టడం తెలియదు, మొదటి వానకే కుంగిపోతుంది అనుకున్నాడు. కాళ్లు కడుక్కోకుండానే దిమ్మిస తీశాడు. నీళ్లు చల్లి కొట్టాడు, అంచులకు తాడు పట్టి వాలు దిద్దాడు. కాలువ కట్టకైనా అంత శ్రద్ధ పెట్టి ఉండడు. పని ముగించి, దాని మీదే కూర్చుని బీడీ ముట్టించాడు.

తడిగుడ్డలో నారు పట్టుకుని దేవమ్మ వచ్చింది. వంగి మట్టిలో వేలు గుచ్చింది. వేలు దిగలేదు.

“ఏంది గట్ల జూస్తున్నవ్? ఇగ పదేండ్లు కదలదు,” అన్నాడు కురుమయ్య.

“కదలకుంటే చెట్ల ఏర్లు ఎట్ల పోవాలయ్యా? నడుములు పడిపోయేదాక గుల్ల జేసిన.”

ఎందుకు చేసిందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. కానీ తెల్లారేసరికి కురుమయ్య గడ్డపారతో పెరట్లో ఉన్నాడు. తను కొట్టిన మట్టి ఎంత గట్టిదో మొదటిసారి తనకే తెలిసింది. గోడ మీంచి ఎవరైనా తొంగిచూస్తే పందికొక్కు బొరియ వెతుకుతున్నానని చెప్పేవాడు. ఈలోగా వానలు మొదలయ్యాయి, మట్టి బురదయింది. అది ఆరి, మళ్లీ గుల్లబారేసరికి నాటే అదను దాటింది. తెచ్చిన నారు ఎండిపోయింది, కొత్త నారు పోయాల్సి వచ్చింది.

దసరాకు మొక్కలు పూత మీదున్నాయి. పూతతో కూర వండలేం కదా. లారీ వచ్చింది. దేవమ్మ సద్ది కట్టి ఇచ్చి, ఎప్పటిలాగే నవ్వింది. కురుమయ్య లారీ మీద నిలబడి, ఊరు దాటేదాకా తన ఇంటి వైపే చూశాడని మేస్త్రీయే తర్వాత చెప్పాడు.

అతను పోయాక కాయలు దిగాయి. కొమ్మలు వంగిపోయేన్ని. ఒక్క మనిషి ఎన్ని తింటుంది? నవనీతకు ఇచ్చింది, మాకు ఇచ్చింది. మా ఇంట్లో వంకాయ అంటే పిల్లలు పారిపోయే దాకా వచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం శేఖర్ దుకాణంలో రూపాయి ఫోను మోగింది. దేవమ్మకే, పిలిస్తే వచ్చింది. కురుమయ్య ఫోనంటే బాగున్నవా, పైలం, అంతే. ఆ రోజు మాత్రం చెట్టు చెట్టునూ పేరుపేరునా అడుగుతున్నాడు. ఆమె చెబుతోంది. శేఖర్ తూకం ఆపాడు. చక్కెర కోసం నిలబడ్డ నేను, సిగ్గు లేకుండా ఇంకొంచెం దగ్గరికి జరిగాను. కాయలు కోసి వరుగులు ఎండబెట్టి, వచ్చే మనిషితో పంపమని అడిగాడు కాబోలు.

“నేనైతే పంప,” అంది దేవమ్మ, దుకాణమంతా వినబడేలా. “తినాలనుంటే ఇంటికి రా. నువ్వు లేక నాకు బువ్వ దిగుతలేదు.”

అన్నాక తెలిసింది, చుట్టూ జనం ఉన్నారని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అవతల కురుమయ్య ఇంకా ఫోను పెట్టేసినట్టు లేదు. శేఖర్ చక్కెర పొట్లం నా చేతిలో పెట్టి, వెళ్లమన్నట్టు తల ఊపాడు. నేను బయటికి వచ్చి చూస్తే, దేవమ్మ ఇంకా ఫోను చెవికి ఆనించుకునే ఉంది.