లంబాలైన్ రైలు

పోర్ట్‌బ్లెయిర్‌లో విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్ పేటలో పుట్టి పెరిగిన నెహెమ్యా మాస్టారికి రైళ్ల గురించి తెలియనిది లేదని ఊళ్లో పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో ఆయనకే అంతుబట్టదు. ఈ దీవుల్లో రైలు లేదు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో ఓడ దిగి విశాఖలో మొదటిసారి రైలెక్కినప్పుడు, ప్లాట్‌ఫారం వెనక్కి పోతోందని ఏడ్చి, తుని చేరేలోపు పక్కాయన పంచె మీద వాంతి చేసుకున్నాడు. ఓడలో కడుపులో దాచుకున్నదంతా రైలుకే సమర్పించాడు. కానీ స్కూల్లో లెక్కల పాఠం చెప్పినంత కాలమూ ఎదురెదురుగా వచ్చే రైళ్ల లెక్కలు ఆవేశంగా చెప్పేవాడు. పిల్లలు నమ్మేశారు. పోనుపోను తనూ నమ్మాడు.

రిటైరయ్యాక ఒక రైలు బొమ్మ కట్టాలనిపించింది. అదీ పందొమ్మిదో శతాబ్దపు రైలు. ఆ కాలం ఇంజన్లు చిన్నవి కాబట్టి పని సులువని ఆయన లెక్క. తీరా ఫొటోలు తెప్పించి చూస్తే, ఒక్కో చక్రానికి సైకిలు చక్రంలా బోలెడు ఊచలు, ఒంటినిండా రివెట్లు. ఎనభైల నాటి పెళ్లికూతురు నయం, నగలు తక్కువ.

ముందు స్కేలు తేల్చాలి, అంటే అసలుకి ఎన్నో వంతు చెయ్యాలో. మరీ చిన్నదైతే కళ్లజోడు మీద కళ్లజోడు కావాలి. పెద్దదైతే వరండా అంతా రైలే.

"బట్టలు ఆరెయ్యడానికి నేను గేటు దగ్గర ఆగి, బండి పోయాక దాటాలా?" అంది భార్య సంతోషకుమారి.

చివరికి అసలు రైలులో అడుగుకి ఇక్కడ నాలుగు మిల్లీమీటర్లని ఖాయం చేశాడు. ఇక గేజి, అంటే రెండు పట్టాల మధ్య ఎడం. మన దేశపు పెద్ద లైను ఐదున్నర అడుగులు. నాలుగు పెట్టి గుణిస్తే ఇరవై రెండు మిల్లీమీటర్లు. బజారులో దొరికే పట్టాలేమో పదహారున్నర.

"పదహారున్నర మీదే నడపండి సార్, అందరూ అదే చేస్తారు. ఎవరు కొలుస్తారు?" అన్నాడు చెన్నైలో రైలు బొమ్మలమ్మే గోపినాథ్, ఫోన్లో.

"నేను కొలుస్తాను," అన్నాడు నెహెమ్యా. లావుపాటి మనిషికి చంటిపిల్లల చెప్పులు తొడిగినట్టుంటుందని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

ఇంజనూ మోటారూ పెట్టెలూ ఓడలో వచ్చాయి. చాతం కోతమిల్లు నుంచి తెచ్చుకున్న ఎర్రటి పడౌక్ చెక్కముక్కల్ని అగ్గిపుల్లల్లా చీల్చి పట్టాల కింద స్లీపర్లు వేశాడు. సరిగ్గా ఇరవై రెండుకి ఒక ఇత్తడి బద్ద అరగదీసి, పట్టాల మధ్య అది పెట్టి చూసుకుంటూ లైను పరిచాడు. ఇంజను చక్రాలు ఊడదీసి, ఇరుసులు పొడవువి వేసి, వాటి మధ్య కూడా అదే బద్ద పెట్టి బిగించాడు. తన పద్ధతికి తనే మురిసిపోయాడు.

స్విచ్చి వేశాడు. ఇంజను పట్టాల మీద గోడెక్కిన మేకలా నాలుగడుగులు నడిచి, పక్కకి ఒరిగి పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. కరెంటుని తిట్టాడు. వానకి చెక్క ఉబ్బిందన్నాడు. నెత్తి మీంచి దిగే విమానాలకి బల్ల అదురుతోందన్నాడు. ఆఖరికి గోపినాథ్‌కి, "మీరు వంకర చక్రాలు అమ్మి ఒక ఉపాధ్యాయుణ్ణి మోసం చేశారు" అని ఘాటుగా మెసేజ్ పంపాడు.

పంపాక, సాక్ష్యం కోసం ఒక చక్రం ఫొటో తీద్దామని దగ్గరగా చూశాడు. చక్రానికి లోపలివైపు ఉండే అంచు పట్టా లోపలికి దిగాలి. దిగాలంటే చక్రాల ఎడం పట్టాల ఎడం కంటే కాస్త తక్కువుండాలి. ఈయన రెంటికీ ఒకే బద్ద పెట్టాడు! అంచులు పట్టాల నెత్తిన కూర్చున్నాయి. గిన్నెలో గిన్నె పట్టాలంటే లోపలిది చిన్నదై ఉండాలని ఒకటో తరగతి పిల్లాడికీ తెలుసు.

"ఏమైందండీ? క్యా హువా?" అంది సంతోషకుమారి, మొహం చూసి.

"ఏం లేదు. ఊరి పిల్లలకి ఇన్నేళ్లు లెక్కలు చెప్పింది ఎవరా అని ఆలోచిస్తున్నా. పాపం, వాళ్లలో కొందరు ఇంజనీర్లయ్యారు."

గోపినాథ్‌కి క్షమాపణ పంపాడు. "పర్లేదు సార్, మొదటిసారి అందరూ నన్నే తిడతారు" అని జవాబొచ్చింది. మాస్టారికి అది ఇంకా కష్టంగా అనిపించింది. తిట్టడంలో కూడా తను ప్రత్యేకం కాదు.

చక్రాలు దగ్గరికి జరిపాక బండి నడిచింది. చర్చి వార్షికోత్సవానికి హాల్లో పెట్టమన్నారు. పిల్లలు మూగారు. నెహెమ్యా గొంతు సవరించుకుని స్కేలు, గేజి అని మొదలుపెట్టగానే సగం మంది సమోసాల దగ్గరికి పోయారు. మిగిలినవాళ్లలో ఒక పాప, "మాస్టారూ, దీని జెట్టీ ఎక్కడ?" అంది. ఓడ ఆగే చోటు జెట్టీ అయితే, రైలుకీ ఒకటి ఉండాలిగా.

అప్పుడు గవరమ్మ వచ్చి కుర్చీ లాక్కుంది. తుని దగ్గర పల్లె నుంచి పెళ్లయి ఈ దీవికొచ్చిన ముసలావిడ. మళ్లీ రైలెక్కలేదు.

"బాబూ, ఇది తుని మీదుగా పోద్దా?"

ఇది గుండ్రంగా తిరుగుతుందమ్మా అనబోయి, "పోద్ది పిన్నీ," అన్నాడు.

"అయితే నన్నెక్కించు."

"మీరు పట్టరు."

"పట్టేలా చెయ్యి. అంత చదువుకున్నావు కదా!"

ఆవిడ నవ్వుతూనే అంది. కానీ మాస్టారు అక్కడే నిలబడి లెక్కేశాడు. పిన్ని ఐదడుగులుంటుంది, ఐదు నాలుగులు ఇరవై. ఆ వారమంతా పడౌక్ ముక్కలో ఇరవై మిల్లీమీటర్ల గవరమ్మని చెక్కాడు. మూడు గవరమ్మలు కత్తి కింద విరిగిపోయారు. నాలుగోది నిలిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అదే హాల్లో ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, కళ్లు చికిలించి చూసింది.

"ఇదేంట్రా, చింతపిక్కలా ఉన్నాను."

"పోలిక రాలేదు పిన్నీ. స్కేలు మాత్రం కరెక్టు."

"సరేలే. కిటికీ పక్కన కూర్చోబెట్టు."

మూడో తరగతి పెట్టె కప్పు తీసి కూర్చోబెట్టబోయాడు. బొమ్మకి మోకాళ్లు చెక్కడం మర్చిపోయినందువల్ల అది కిటికీకి జారగిలపడి నిలబడింది. బండి కదిలింది. గవరమ్మ బల్ల అంచు పట్టుకుని, తుని ఎప్పుడొస్తుందా అన్నట్టు ముందుకి వంగింది. మాస్టారు వేగం ఇంకొంచెం తగ్గించాడు.