బుడన్‌బీ ఉతికిన చొక్కా

తమిళవాళ్లు మా ఊరికి సినిమా తీయడానికి వచ్చి, బుడన్‌బీ మీద కేసు పెడతామని బెదిరించి పోయారు. ఆమె చేసిన నేరం చొక్కా ఉతకడం. విని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

మా ఊరు పెనుకొండ కొండకు అవతలి పక్క. బుడన్‌బీ ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. పరుపులు, బొంతలు కుట్టి ఒక్క కొడుకును పెంచింది. డెబ్బై దాటినా సూది వదల్లేదు. దారం ఎక్కించడానికి మాత్రం నన్ను పిలుస్తుంది. ఊళ్లో అందరికీ అవ్వే. ఆమె కొడుకు బాబావలి, దేవప్ప కొడుకు తిమ్మరాజు కలిసి ఒక టెంపో పెట్టుకుని ధర్మవరం నుంచి హిందూపురానికి సరుకు తోలుతారు. ఆ దేవప్ప ఎవరంటే, బుడన్‌బీ భర్త అమీర్‌సాబ్‌ను చంపినవాడు.

నేను పుట్టకముందు సంగతి. ఊళ్లో ఇద్దరు పెద్ద రైతులకు బావి నీళ్ల దగ్గర తగాదా. అందులో ఒకాయన ఇంట్లో అమీర్‌సాబ్ పరుపులు కుడుతుంటే రెండో ఆయన మనుషులు ఆ ఇంటి మీద పడ్డారు. ఏ పార్టీకీ చెందని ఆ మనిషి దేవప్ప కొడవలికి అడ్డం దొరికాడు. దేవప్పకు జైలు పడింది. కొడవలి ఇచ్చి పంపిన పెద్దమనిషికి మరుసటి ఏడు బోరు పడింది. న్యాయం అంటే ఇదీ!

అమీర్‌సాబ్ చొక్కా పోలీసులు తీసుకుపోయారు. భుజం మీది తువ్వాల మిగిలింది. పరుపులు కుట్టించుకున్న ఆయన మనుషులు దాన్ని తెచ్చి, బుడన్‌బీ ఇంటి గోడకు మేకు కొట్టి, రక్తపు మరకలతోనే తగిలించారు.

"ఉతకద్దు. నీ కొడుకు పెద్దోడయ్యేదంక ఈడ్నే ఉండనీ. చూసుకుంటా పెరగనీ" అన్నారు.

అప్పట్లో కొందరికి అదొక పద్ధతి. పగ వాళ్లది, తీర్చాల్సిన కొడుకు ఈమెది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇంకేముంది? మరునాడు పొద్దున్నే బుడన్‌బీ ఆ తువ్వాలను ఉతికి తీగ మీద ఆరేసింది. ఊరు ఆమెను నానా మాటలు అంది. రోషం లేదంది, మొగుడి మీద ప్రేమే లేదంది. ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా పరుపులు కుట్టుకుంది.

ఇక సినిమా. షూటింగులకు ఇళ్లనూ మనుషులనూ కుదిర్చే పుల్లన్న అని పెనుకొండలో ఒకడున్నాడు. ఈ కథను ఒక తమిళ డైరెక్టరుకు చెప్పాడు. చెప్పినవాడు ఉన్నదున్నట్టు చెప్పాడా? తిరగేసి చెప్పాడు. తువ్వాల చొక్కా అయింది, ఉతకడం ఎగిరిపోయింది. అవ్వ రక్తపు చొక్కాను ఏళ్ల తరబడి గోడకు ఉంచి, మనవడికి చూపించి, కొడవలి చేతికిస్తుందట. మనవడే హీరో. ఇంటర్వెల్ దాకా ఒక్కొక్కరిని, ఆ తర్వాత గుంపులు గుంపులుగా నరుకుతాడు. "నిజంగా జరిగిన ఇల్లే సార్" అని పుల్లన్న అవ్వ ఇల్లు కూడా చూపించాడు. అవ్వకు మాత్రం "ఊరికే అరుగు మీద కూచో, చాలు" అన్నాడు.

నేను హోసూరు గార్మెంట్స్‌లో పనిచేసినప్పుడు తమిళం నేర్చుకున్నాను. అందుకని అటు మాట ఇటు చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. చెన్నై నుంచి రావాల్సిన ముసలి నటి రాలేదు. డైరెక్టరు అవ్వ ముఖాన్ని కాసేపు చూసి, ఈ ముడతలు మేకప్‌తో రావు, ఈమే చాలు అన్నాడు. మాటలు తర్వాత వేరే గొంతుతో పెట్టుకుంటారట. ఆమె చేయాల్సిందల్లా మేకు మీది చొక్కా తీసి హీరోకు చాపడం.

పాత మేకు ఎప్పుడో ఊడిపోయింది. అదే గోడకు కొత్తది కొట్టారు. ఎర్రరంగు పూసిన చొక్కా తగిలించారు. ఊరంతా గుమిగూడింది. "అమీర్‌సాబ్ చొక్కా అంట చూడప్పా" అని ఎవరో అన్నారు. సరిగ్గా అప్పుడే తిమ్మరాజు లైట్ల స్టాండు మోసుకుంటూ లోపలికి వచ్చాడు. సామాను తోలడానికి వాళ్ల టెంపోనే మాట్లాడారు మరి. అతను చొక్కాను చూశాడు. జనం అతన్ని చూశారు. స్టాండు దించి, తల వంచుకుని బయటికి పోయి టెంపో వెనక కూర్చున్నాడు. మధ్యాహ్నం బాబావలి అన్నానికి పిలిచాడు, రాలేదు. అవ్వ కూడా పోయి పిలిచింది.

"నాకు ఆకలి ల్యాదు పెద్దమ్మా. ఆ ఇంట్లోకి నేనింక రాను" అన్నాడు.

ఆ ఇంట్లో పెరిగినవాడు అన్న మాట అది. పుల్లన్నను పట్టుకుని నాలుగు కడిగేద్దామని షూటింగువాళ్లు అన్నాలు తినే పందిరి దాకా పోయాను. వాడు చికెన్ ముక్క కొరుకుతూ "సినిమాకు మసాలా కావల్ల గదమ్మా" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ చొక్కాను బకెట్లో ముంచి, బట్టల బండ మీద వేసి, సబ్బు రుద్ది బాదుతోంది. ఎర్రనీళ్లు కాలువలోకి పోతున్నాయి. బట్టలు చూసుకునే తమిళ మనిషి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ మరకలు ముందు తీసిన సీన్లతో అచ్చంగా కలవాలట, ఇంకో చొక్కా లేదట. డైరెక్టరు అగ్గి మీద గుగ్గిలమై కేసు పెడతానన్నాడు. షూటింగు ఆగింది. పుల్లన్న మూతి తుడుచుకుని వచ్చి "ముసల్దానా, నీ మింద కేసు పెడతారు, జైలుకు పోతావ్" అని అరిచాడు. ఇన్నేళ్లుగా అవ్వ అని పిలిచిన నోటితోనే!

డైరెక్టరు నావైపు తిరిగాడు. "ఎందుకు చేసిందో అడుగు. ఇది సినిమా, నిజం రక్తం కాదని తెలుసా?"

అడిగాను.

"తెలుసు. నిజందే ఉతికినా, ఇది ఉతకనా?" అంది అవ్వ, బాదడం ఆపకుండా.

"ఉతికేస్తే ఇంక కథ ఎక్కడుంది?" అన్నాడు ఆయన.

ఆ మాట చెప్పాక అవ్వ మొదటిసారి తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పు సుమలతా, ఆ సారుకు బాగా చెప్పు. దేవప్పను జైల్లో ఏసినంక ఆయన పెండ్లాం కదిరమ్మ చంకలో బిడ్డనెత్తుకోని ఊరంతా తిరిగింది. అనంతపురం జైలుకు పోయి మొగునికి బువ్వ ఇచ్చి చూసొచ్చేదంక బిడ్డను పెట్టుకోండని. ఒక్కరూ వాకిలి తీయల్యా. ఆ తువ్వాల తగిలించిన మాపటేళే నా గడపకాడికి వచ్చి నోరు తెరిచి అడగల్యాక నిలబడింది. నేనే ఎత్తుకున్యా, ఆ పొద్దే కాదు, ఆయమ్మ జైలుకు పోయినప్పుడల్లా. ఆ గోడకు ఆ తువ్వాల యాలాడ్తా ఉంటే, దాని కింద ఆ బిడ్డను యాడ పండబెట్టేదాన్ని? ఉతికిన తువ్వాలతోనే ఇద్దరు పిల్లోళ్ల తలలు తుడిచినా, అది చినిగిపోయేదంక. ఇప్పుడు ఈళ్లొచ్చి మళ్లా మేకు కొడతారా నా గోడకు?"

నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. డైరెక్టరు మారిపోయాడనుకుంటారేమో, అదేం లేదు. "వేరే ఇల్లు చూడండి" అని కారెక్కాడు.

అవ్వ చొక్కా పిండబోయింది. చేతుల్లో బలం చాల్లేదు. టెంపో వెనక నుంచి తిమ్మరాజు లేచి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పిండి తీగ మీద వేశారు. బాబావలి మేకు పీకేశాడు. ఆ తర్వాత తిమ్మరాజు అవ్వ ఇంట్లోనే అన్నం తిన్నాడు.

సినిమా మొన్న హిందూపురంలో తెలుగులో ఆడింది. పోస్టరు మీద "నిజంగా జరిగిన కథ" అని వేశారు. వేరే ఊళ్లో, వేరే ఇంట్లో, వేరే ముసలామె రక్తపు చొక్కా చాపింది. హాల్లో ఈలలు, కాగితాల వాన. ఆ ఈలలు అవ్వ ముఖం మీద ఉమ్మినట్టనిపించి పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ బొంత ముందేసుకుని, సూది నా చేతికిచ్చింది.

"ఎట్లుండాది సినిమా? ఆయమ్మ ఉతికిందా?"

"లేదవ్వా."

"పిల్లోడు?"

"అందర్నీ చంపినాడు."

"చంపినంక?"

"అయిపోయింది. లైట్లు ఏసినారు."

అవ్వ నమ్మలేనట్టు చూసింది. "అదెట్ల అయిపోతాది? పోలీసులు రాల్యా? ఆ పిల్లోడికి జైలుకు బువ్వ ఎవరు తీసకపోయినారు?"

"అది చూపించలేదవ్వా."

"కదిరమ్మను అడిగింటే చెప్పేది గదా" అంది.