ఐలన్న డోలక్ ఎవరు దొంగిలించారు?

సేఫ్టీ వారోత్సవాల్లో ఐలన్నకు మొదటి బహుమతి వచ్చిందని చెప్పగానే మా ఫ్యాక్టరీలో నవ్వనివాడు లేడు. చెవులకు ప్లగ్గులు తప్పకుండా పెట్టుకునే ఉత్తమ కార్మికుడట! దండ వేశారు, ఫోటో తీశారు. ఐలన్న కూడా సిగ్గులేకుండా చేతులు జోడించి నిలబడ్డాడు.

సంగతేమిటంటే, పటాన్‌చెరు నుంచి పాశమైలారం పోయే దారిలో ఉన్న మా కంపెనీ పని ఇనుము బాదడం. ఎర్రగా కాలిన దిమ్మను పెట్టి మీద పెద్ద సుత్తి దించుతారు. ఆ సుత్తి నడిపేది ఐలన్న. ఆ షెడ్డులో కాసేపు నిలబడితే కడుపులో తిన్నది కూడా కదులుతుంది. అందుకని కంపెనీవాళ్లు స్పాంజి ప్లగ్గులు ఇస్తారు. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, చెవి పైకి గుంజి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. ఎట్లా పెట్టుకోవాలో గోడ మీద బొమ్మ వేసి ఉంది. ఆ బొమ్మ మీద అందరూ గొడుగులు తగిలించేవాళ్లు.

మేమెవరమూ అట్లా పెట్టుకోలేదు. పెట్టుకుంటే క్యాంటీన్ గంట వినబడదు. గంట వినబడకపోతే లైన్లో చివరికి పోతాం, చివర్లో పప్పు ఉండదు, పప్పు కడిగిన నీళ్లుంటాయి. కాబట్టి షెడ్డులో ఒక పద్ధతి స్థిరపడింది. ప్లగ్గును చెవి గుంతలో ఊరికే ఆనించాలి. దూరం నుంచి చూసేవాడికి పెట్టుకున్నట్టుండాలి, మనకు గంట వినబడుతుండాలి. సేఫ్టీ ఆఫీసరు నరసింహమూర్తి గారు మోతకు భయపడి గుమ్మం దగ్గరే ఆగి చూసి వెళ్లేవారు. ఐలన్నవి పెద్ద చెవులు. వాటిలో నారింజ రంగు ప్లగ్గులు గుమ్మం దాకా మెరిసేవి. బహుమతి ఆయనకు కాక ఇంకెవరికి వస్తుంది?

బహుమతి ఏమిటంటే వేలెడంత పాటల డబ్బా. ఎంపీత్రీ ప్లేయర్ అంటారు. దానికి ఇయర్‌ఫోన్లు. అప్పటిదాకా మేం చూసినవి చెవి మీద ఆనేవి. ఇవి చెవి లోపలికి దూరేవి, కొసన రబ్బరు టోపీలతో. ఇది రెండువేల ఏడు నాటి మాట. ఆ డబ్బా మా భజన మండలిని రెండు ముక్కలు చేయబోయింది.

మండలి గురించి చెప్పాలి. ఐలన్న కొండాపూర్ వైపు పల్లె నుంచి ఎనభైల మొదట్లో సుత్తి కిందికి వచ్చాడు. పటేల్‌గూడలో కిరాయికి దిగాడు. సామాన్లలో ఒక డోలక్ ఉంది, పక్కన ఒక భార్య ఉంది. డోలక్ ముందు దింపాడని ముత్యమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన డోలక్ వాయిస్తాడు, ఆమె తాళాలు కొడుతుంది. మొదట ఇంటి ముందు ఇద్దరే కూర్చుని పాడుకునేవాళ్లు. తర్వాత నేను చేరాను, గొంతుందన్న భ్రమతో. అకౌంట్సులో పనిచేసే త్రినాథరావు గారు హార్మోనియంతో వచ్చారు. ఆయనది శ్రీకాకుళం దిక్కు. మాట మెత్తన, లెక్క గట్టి. ఇంకో నలుగురు చేరి శనివారం సాయంత్రాల భజన మండలి అయింది.

మా మండలిలో ఒక గొప్ప గుణం ఉంది. ఎవడి వాద్యం వాడు వింటాడు. పక్కవాడిది వినడం మర్యాద కాదన్నట్టు ఉంటాం. ఐలన్న మాత్రం ఒకరిని వదిలేవాడు కాదు. పాట మధ్యలో మెడ తిప్పి భార్య మీద అరిచేవాడు.

“గట్టిగ కొట్టు! బువ్వ తినలేదా?”

ముత్యమ్మ గట్టిగా కొట్టేది. మళ్లీ అరిచేవాడు. ఇంకా గట్టిగా కొట్టేది. ఏటికేడు అట్లా పెరిగి పెరిగి, ఒక జత తాళాలు పగిలి, బరువైన కొత్త జత కొన్నది. ఆమె పక్కన కూర్చునే వాళ్లు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు. అయినా ఐలన్నకు తృప్తి లేదు. ఆడమనిషికి వయసొచ్చి చెయ్యి మెత్తబడిందని నా దగ్గర బాధపడేవాడు. ఆ మెత్తని చేతి మోతకు నా కుడిచెవి మర్నాటిదాకా గింగురుమనేది.

ఆ ఏడు శ్రీరామనవమికి ముందు సంగారెడ్డిలో ఒక చిన్న స్టూడియోలో మా పాటలు రికార్డు చేయించాం. అక్కడ స్పీకర్లో విన్నప్పుడు ఐలన్న తన డోలక్‌కు తానే తలూపాడు. తర్వాత త్రినాథరావు గారు వాటిని ఇంట్లో కంప్యూటర్లోంచి ఐలన్న బహుమతి డబ్బాలోకి ఎక్కించి ఇచ్చారు. చేసింది మంచిపనే. తన్నులు తప్పడం అదృష్టం.

మర్నాడు ఐలన్న షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చెవుల్లోంచి తీగలు వేలాడుతున్నాయి.

“తమ్మీ, నా డోలక్ ఏది?”

“ఇంట్ల ఉంటది గద అన్నా.”

“పాటల్లది! హార్మోనియం ఉన్నది, నీ గొర్రె గొంతున్నది. నా డోలక్ లేదు. ఏదో డబ్బా మీద వేలుతోని గీకినట్టు వస్తున్నది. త్రినాథరావు తీసేసిండు!”

నేను తీసుకుని విన్నాను. డోలక్ దర్జాగా మోగుతోంది. ఆ మాటే చెప్పాను.

“నువ్వు గూడ ఆ పార్టీలకే పోయినవా?” అని ఆ తీగలు లాక్కుని వెళ్లిపోయాడు.

శనివారం పంచాయితీ అయింది. త్రినాథరావు గారి ముఖం పాలిపోయింది. “అయ్యో, నేనెందుకు తీస్తానండీ ఐలయ్యగారూ! తీయడం నాకు రాదు కూడానండీ,” అన్నారు. తనూ పెట్టుకుని విన్నారు. “ఇదిగో, శుభ్రంగా వినబడుతోందండీ” అన్నారు. అదే ఆయన చేసిన తప్పు.

“నీకు ఇనబడతది సారూ, తీసినోనివి నువ్వే గద!” అన్నాడు ఐలన్న. ఈ తర్కానికి జవాబు చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. “డోలక్ మోగితే హార్మోనియం ఎవ్వలు ఇనరని నీ పరేషాన్. నా డోలక్ నాకొచ్చేదాక నవమికి నేను కూసోను. మీరే వాయించుకోండ్రి.”

డోలక్ లేని నవమి భజన అంటే మా పరువు గంగలో కలిసినట్టే. పైగా త్రినాథరావు గారు ఇంటికి పోయి హార్మోనియానికి గుడ్డ కప్పేశారట. పాతికేళ్లుగా సుత్తి కింద నిలబడిన ఐలన్నకు సాయంత్రానికి ఉన్న సంతోషం ఆ భజన ఒక్కటే. దాన్ని ఆయనే కాలదన్నుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఐలన్నను సైకిలెక్కించి, పటాన్‌చెరు బస్టాండ్ ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే ఖయ్యూం దగ్గరికి తీసుకుపోయాను. బయటివాడు చెబితే నమ్ముతాడని ఆశ.

ఖయ్యూం డబ్బా చూడలేదు, పాట వినలేదు. ఐలన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం చూశాడు. పగలబడి నవ్వాడు.

“చాచా, ఇది పెట్టుకున్నట్టా, గోడకు అంగీ తగిలించినట్టా?”

అప్పుడు నేనూ చూశాను. ఐలన్న ఆ రబ్బరు టోపీలను చెవి గుంతలో అట్లా ఊరికే ఆనించి వదిలేశాడు. మా షెడ్డు పద్ధతి! ఉత్తమ కార్మికుడు చెవిలో ఏది పెట్టినా గుమ్మం దాకా కనబడేటట్టే పెడతాడు. క్యాంటీన్ గంట కోసం నేర్చుకున్న విద్య డోలక్‌ను మింగేసింది.

“సందు ఉంటే లావు సప్పుడు మొత్తం బయటికి పోతది చాచా,” అన్నాడు ఖయ్యూం. “డోలక్ పోతది, సన్న సప్పుడే మిగుల్తది. దొంగ ఎవడు లేడు. సందే దొంగ.”

సొరుగులోంచి చిన్నా పెద్దా రబ్బరు టోపీలు తీశాడు. ఐలన్న చెవులు రెండూ ఒక తీరువి కావు. కుడిదానికి నడిమి సైజు సరిపోయింది, ఎడమది లొడలొడలాడింది. దానికి పెద్దది వేశాడు. “నోరు తెరువ్. ఆ చేత్తోని చెవి పైకి, ఎనకకు గుంజు. ఇగ ఈ చేత్తోని జెర తిప్పుకుంట లోపలికి తొయ్యి. జల్దీ లేదు. బయట ఆటోల మోత తగ్గిందా?”

“తగ్గలే.”

“అయితే కూసోలే. మళ్ల తిప్పు.”

గోడ మీది బొమ్మలో ఉన్నది అక్షరాలా ఇదే. పాతికేళ్లు మేం గొడుగులు తగిలించిన బొమ్మ. ఐలన్న నాలిక బయటపెట్టి మళ్లీ తిప్పాడు. హఠాత్తుగా ఆగి, రోడ్డు వైపు చూసి, “ఆటోలు బందైనయి” అన్నాడు గట్టిగా, బజారంతా వినబడేటట్టు. ఖయ్యూం పాట నొక్కాడు.

ఆ ముఖాన్ని నేను మరచిపోలేను. ముందు కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత రెండు చేతులూ వాటంతటవే లేచి ఖయ్యూం గాజుబల్ల మీద దరువు మొదలుపెట్టాయి. బల్లకింది సెల్‌ఫోన్లు ఎగిరాయి. “నా డోలక్! అరె, నా డోలకే!” అని అరుస్తున్నాడు. “చాచా, అద్దం పగుల్తది!” అని ఖయ్యూం అరుస్తున్నాడు. ఆయనకు ఆటోలే వినబడలేదు, ఖయ్యూం ఏం వినబడతాడు?

ఐలన్నకు కోపం ఎంతో ప్రేమా అంతే. అటునుంచి అటే త్రినాథరావు గారింటికి పోయి, కాళ్లమీద పడబోయి, ఆయనే భయపడి వెనక్కి గెంతేటట్టు చేశాడు. “తప్పయింది సారూ, దొంగ నా చెవుల్లనే ఉన్నడు” అన్నాడు. హార్మోనియం మీది గుడ్డ తనే లాగేశాడు, భుజానికెత్తుకున్నాడు. అందరం కలిసి పటేల్‌గూడకు, ఐలన్న ఇంటికి వచ్చాం. ముత్యమ్మ చాయ్ పెట్టింది. ఐలన్న చెవుల్లో టోపీలు బిగించుకుని అరుగు మీద కూర్చుని పాటలన్నీ వరసగా విన్నాడు. ఏ పాటకెక్కడ డోలక్ విరగబడిందో మాకు కామెంటరీ చెబుతున్నాడు. ఆఖరి పాట అయ్యాక ఒక చెవిది తీసి, నవ్వుతూ అన్నాడు.

“అంత మంచిగున్నది సారూ. ఒక్కటే. ముత్యమ్మ తాళాలు ఎందుకు తీసేసినవ్?”

త్రినాథరావు గారు నోరు తెరిచి నా వైపు చూశారు. నేను ఐలన్న చేతిలోది అందుకుని చెవిలో పెట్టుకున్నాను. తాళాలు చెవి కోసేస్తున్నాయి. పాట మొదటి నుంచి చివరిదాకా తాళాలే.

“తియ్యలేదన్నా. ఉన్నయి,” అన్నాను.

“ఏడున్నయి? మొత్తం ఇన్న గద. తాళం లేదు.” మళ్లీ గొంతు లేస్తోంది. ఈసారి దొంగ ఎవరో మాకందరికీ తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు.

ముత్యమ్మ చాయ్ గ్లాసులు కింద పెట్టి వచ్చింది. “నాకు పెట్టు, నేనింట” అన్నది. ఐలన్న అప్పుడే నేర్చిన విద్య కదా, భార్య చెవి పైకీ వెనక్కీ మెల్లగా గుంజి, తిప్పుకుంటూ పెట్టాడు. రెండో చెవికీ పెట్టాడు. ఆమె ఆసాంతం విన్నది. తీసి ఆయన ఒళ్లో పెట్టింది. లోపలికి పోయి తాళాలు తెచ్చి, ఆయన చెవి పక్కన గట్టిగా ఒక్కటి కొట్టింది. నేను ఉలిక్కిపడి గోడకు ఆనుకున్నాను. చూరు మీది పావురాలు లేచిపోయాయి.

ఐలన్న ఉలిక్కిపడలేదు. ఆమె చేతుల వైపు చూశాడు.

“టక్ మన్నది” అన్నాడు మెల్లగా. “చెక్క మీద చెక్క కొట్టినట్టు. గంతేనా తాళం?”

ఆయన గోడకున్న డోలక్ వైపు చూశాడు, తాళాల వైపు చూశాడు, తన చెవి తాకి చూసుకున్నాడు. ఆ సుత్తి కింద ప్రతి దెబ్బకూ చెవిలో ఊరికే ఆనించి ఉంచిన ప్లగ్గులు మా అందరికీ గుర్తొచ్చాయి. ఆ మోత డోలక్ లాంటి లావు చప్పుడును వదిలి, తాళాల్లాంటి సన్న చప్పుడును తినేసింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవలసిన పని లేదు, వచ్చింది. నా చెవులకూ సుత్తి మోత పట్టిందేమోనని భయం కూడా వేసింది.

ముత్యమ్మే మాట్లాడింది. “ఇన్నేండ్లు బువ్వ తినలేదా అని తిడితివి. తిన్న. తినే కొట్టిన. నీ చెవులకే ఎవ్వలు బువ్వ పెట్టలే, ముసలోడా.” తిట్టినట్టే అన్నది కాని, అంటూనే ఆయన చెవి మీద చెయ్యి వేసింది.

సోమవారం నుంచి ఐలన్న ప్లగ్గులు బొమ్మలో ఉన్నట్టే పెట్టుకున్నాడు. గంట వినబడక ఒకరోజు పప్పు దొరకలేదు, ఉత్త అన్నం తిన్నాడు. మర్నాటి నుంచి గంట కొట్టగానే నేను పోయి భుజం తట్టేవాణ్ణి. లోపలికి పెట్టుకోవడం వల్ల బయటికి కనబడక, నరసింహమూర్తి గారు ప్లగ్గులేవని గుమ్మంలోంచి కేకేశారు. ఆ కేకా ఆయనకు వినబడలేదు.

నవమికి మండలి మొత్తం కూర్చుంది. దూది పెట్టుకునేవాళ్లు అలవాటు ప్రకారం దూది పెట్టుకుని వచ్చారు. త్రినాథరావు గారు శ్రుతి పట్టారు. ఐలన్న డోలక్ ఒళ్లోకి తీసుకుని, మెడ తిప్పి ముత్యమ్మ చేతుల మీద చూపు నిలిపాడు. పాట అయ్యేదాకా తిప్పుకోలేదు. ముసలితనంలో పెళ్లాం మీద మోజు పుట్టిందని ముందు వరసలో ఆడవాళ్లు నవ్వుకున్నారు.

“ఏంది గట్ల సూస్తున్నవ్, నలుగురున్నరు” అని ముత్యమ్మ గదమాయించింది. అది ఆయనకు వినబడిందో లేదో తెలియదు. చూపు మాత్రం తిప్పలేదు, దరువు ఒక్కచోట కూడా తప్పలేదు. ముత్యమ్మ ఆరోజు తాళాలు మెల్లగా కొట్టింది. ఎంత గట్టిగా కొట్టినా ఆయనకు ఒకటే. కొట్టినప్పుడల్లా చేతులు మాత్రం కాస్త పైకి లేపింది, ఆయనకు కనబడేటట్టు.