మేకలు తాగిన బంగాళాఖాతం

ఉద్యోగం కొత్తలో మనిషికి ఎక్కడలేని ధైర్యం ఉంటుంది. తెలియని సంగతి గురించి చెప్పాలంటే ఆ ధైర్యం ఇంకాస్త పెరుగుతుంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. జహీరాబాద్ చివర ఒక చిన్న ప్రైవేటు బడిలో సోషల్ టీచర్‌ని, అదీ ఆ ఒక్క ఏడాదికే. "ఎగ్జిబిషన్ మంచిగ చేస్తే జూన్‌ల గూడ నువ్వే ఉంటవమ్మా. లేకుంటే జర కష్టం" అని కరస్పాండెంట్ సారు ముందే తేల్చేశారు. ఆ ఉద్యోగం పోతే నాకు సంబంధాలు చూడటానికి మా మేనత్త (ఆవిడకు వేరే పనేమీ లేదు) కాచుకుని కూర్చుంది. అందుకని నేను అందరూ చేసే అగ్నిపర్వతం బొమ్మలతో సరిపెట్టుకోకుండా, ఏకంగా విశాఖపట్నం రేవు చరిత్ర ఎత్తుకున్నాను.

మా తరగతిలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో కలిపి. అయినా భీమునిపట్నంలో దిగిన డచ్చివాళ్ల దగ్గర్నుంచి తూర్పు నౌకాదళం దాకా అంతా నాకు కంఠతా వచ్చు. బడి వెనకున్న సిమెంటు తొట్టి బంగాళాఖాతమైంది, అందులో చెక్క ఓడలు తేలాయి. మా ఎర్రమట్టితో డాల్ఫిన్స్ నోస్ కొండ లేచింది. దానిమీద టార్చిలైటే లైట్‌హౌస్. డెబ్బై ఒకటి యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిపోయిన శత్రువుల జలాంతర్గామి కోసం ఒక సీసాకు నల్లరంగు పూసి, ఇసుక నింపి అడుగున పడుకోబెట్టాం. అంతా అయ్యాక రాయికోడ్ ఊరి పిల్ల ఒకతి అడిగింది, "మేడం, సముద్రమంటే ఉప్పగుండాలె గద?" నిజమే కదా అనిపించింది. దొడ్డుప్పు తెచ్చి గుమ్మరించాం. వచ్చిన పెద్దలందరికీ తలా ఒక చుక్క నాలుక మీద వేసి సముద్రం రుచి చూపించాలని మా పథకం.

పెద్దలు గేటు దగ్గర కొబ్బరికాయ కొడుతుండగా, పక్క దొడ్లోంచి మేకలు వచ్చాయి. ఎండాకాలం, ఆపైన ఉప్పునీళ్లు. వాటికి విందుభోజనమే. పిల్లలు "హోయ్, హోయ్" అని అదిలిస్తున్నా లెక్కచేయకుండా తాగాయి. ఒకటైతే కొండెక్కి లైట్‌హౌస్‌ను కూలదోసింది. సారు, తల్లిదండ్రులు వచ్చేసరికి సముద్రం అడుగంటి, ఓడలన్నీ ఒక పక్కకు ఒరిగి, జలాంతర్గామి అందరికీ కనిపించేలా బయటపడి ఉంది. (అసలుది ఎలా మునిగిందన్న దానిమీద ఇప్పటికీ వాదాలున్నాయి. మాది ఎలా తేలిందో మాత్రం అందరూ చూశారు.) నాకు మేనత్త ముఖం కళ్లముందు మెదిలి, ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎవరివి గీ మేకలు?" అని సారు గర్జించారు. "నావేరా" అంటూ కర్ర ఊపుకుంటూ ఆయన తల్లే వచ్చింది! సారు గొంతు సగానికి పడిపోయింది. "ఉప్పునీళ్లు పోసిపెట్టి మేకలను రావద్దంటే ఎట్ల బిడ్డా?" అని అవ్వ నన్నే మందలించి, తొట్టిలోకి వంగి చూసింది. "గిదేంది, నల్లగ?"

ఉద్యోగం ఎలాగూ పోయిందనుకుని, వెక్కుతూనే చెప్పాను. నీళ్ల కింద నడిచే ఓడ అని, మన మీదికి వచ్చిందని, మునిగిపోయిందని. అవ్వ తొట్టి గట్టుమీద కూలబడింది.

"లోపల మనుషులుండెనా?"

"ఉన్నారవ్వా. ఒక్కరూ బతకలేదు."

"అయ్యో! ఎవరి కొడుకులైతేంది. మరి వాళ్ల అమ్మలకు ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

నేను కళ్లు తుడుచుకుని, టీచర్ గొంతు తెచ్చుకుని, "అది సిలబస్‌లో లేదవ్వా" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. సారు వచ్చి తన తల్లిని చెయ్యి పట్టుకుని లేపారు. వెళ్తూ వెళ్తూ నావైపు తిరిగి, "జూన్‌ల రా అమ్మా. కాకుంటే ఆ సముద్రానికి ఏదన్న మూత చూడు" అన్నారు.

ఇప్పటికీ ఆ బడిలోనే ఉన్నాను. ఏటా ఆ పాఠం చెబుతాను. జలాంతర్గామి మునిగే చోటికి వచ్చేసరికి, వాళ్ల అమ్మలకు ఎవరు చెప్పారన్న అవ్వ మాట గుర్తొచ్చి పాఠం తప్పుతాను. మేడం మరిచిపోయిందని పిల్లలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకుంటారు. ముక్కు ఎగబీలుస్తూ సిలబస్ గురించి చెప్పిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలచుకుని నేనూ నవ్వుకుంటాను.