రెండో భాగం చదవని హీరోయిన్

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల నడుమ, విశాఖపట్నంలో కాస్త చదువుకున్న ప్రతి కుర్రాడూ ముందు ఒక డిటెక్టివ్ నవల మొదలుపెట్టి, ఆ తర్వాత తీరిక చూసుకుని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాడు. హార్బరు గట్టు మీద నిలబడి రాయి విసిరితే అది తప్పకుండా ఒక రచయిత నెత్తిన పడేది. (నా నెత్తిన రెండుసార్లు పడింది.) నాకు మాత్రం ఉద్యోగమే ముందొచ్చింది. పోర్టులో ఓడలకెక్కే ఇనుప ఖనిజానికి లెక్క రాసే పని. సాయంత్రం నేను తల నుంచి చెప్పుల దాకా ఎర్రదుమ్ముతో ఇంటికొస్తుంటే మా వీధి కుక్కలు గుర్తుపట్టలేక రోజూ కొత్తగా మొరిగేవి. అలాంటి మనిషి లోపల ఒక మహా రచయిత కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడని లోకానికి తెలియకపోవడంలో వింతేమీ లేదు.

పాతపోస్టాఫీసు దగ్గర మేమున్న వాటాకి ఎదురు మేడ మీద ట్రంపెట్ టీచరుగారు ఉండేవారు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పగలు బళ్ళో పిల్లలకి పాటలు నేర్పేవారు, ఆదివారం చర్చిలో వాయించేవారు, శనివారం సాయంత్రం మాత్రం నావికుల క్లబ్బులో వాళ్ళ చిన్నాన్న బ్యాండుతో జాజ్ వాయించేవారు. ఆవిడ డాబా మీద సాధన చేస్తుంటే జాలరిపేట నుంచి వచ్చిన చేపలమ్మలు గంపలు దించి వినేవారు, కాకులు కూడా ఆ గంపల జోలికి పోయేవి కావు. హార్బర్లో ఓడ కూత వేస్తే, ఆవిడ ఆ కూతనే అందుకుని అక్కడినుంచి ఎక్కడికో వెళ్ళిపోయేవారు. నార్వే నుంచి వచ్చిన ఓడ ఒకటి ఆ సంగీతం విని లంగరెత్తడం మరిచిపోయిందని మా వీధిలో చెప్పుకునేవారు. (చెప్పింది నేనే.)

“జాజ్ అంటే ఏమిటండీ టీచరుగారూ?” అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

“ఏటి, నవల్లో పెడతారేటి?” అని నవ్వి, కాస్త ఆలోచించారు. “పాటని ఇంట్లోంచి బయటికి తోలీయాల. దానిట్టమొచ్చినట్టు తిరగనివ్వాల. పొద్దుగూకేలోపు ఇంటికొచ్చేత్తాదని మనకి నమ్మకముంటే సాలు.”

నాకు ముక్క అర్థం కాలేదు. కానీ ఆ రాత్రే నవల మొదలైంది. పేరు “లంగరు కింద శవం”. హీరోయిన్ స్టెల్లా, జాజ్ విద్వాంసురాలు. పోలికలు దాచడానికి టీచరుగారి కుడి బుగ్గ మీద పుట్టుమచ్చని స్టెల్లాకి ఎడమ బుగ్గ మీద పెట్టాను. ఒక కెప్టెన్ హత్య జరుగుతుంది. కత్తి స్టెల్లా ట్రంపెట్ పెట్టెలో దొరుకుతుంది. సగం నవలకి ఆమె చేతులకి బేడీలు. రెండో సగంలో ఆమే ఆ బేడీలతోనే, హత్య జరిగిన రాత్రి ఓడ కూతలో దొర్లిన ఒక అపస్వరాన్ని పట్టుకుని, అసలు హంతకుడైన లైట్‌హౌస్ మాస్టారి పని పడుతుంది. ఊరు ఊరంతా ఆమె కాళ్ళ మీద పడుతుంది. ఆ చివరి పేజీ రాస్తూ నేను ఏడ్చిన ఏడుపుకి హార్బర్లో నీటిమట్టం పెరిగి ఉంటుంది. నాకున్న కోరిక ఒక్కటే. టీచరుగారు ఆ పేజీ చదవాలి. నోటితో చెప్పే గుండె లేనివాడు చెప్పదలచినదంతా అందులో ఉంది.

బెజవాడలో ఒక ప్రచురణకర్త దాన్ని అచ్చేశాడు. మా ఊరికి ఒకే ఒక్క ప్రతి చేరింది. (మిగతావి ఏ ఊరు వెళ్ళాయో ఆయనకీ తెలియదు.) దాన్ని తిన్నగా తీసుకెళ్ళి ఎదురింట్లో ఇచ్చేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ రచయిత తన పుస్తకం తానే మోసుకెళ్ళి ఇస్తే విలువేముంటుంది? అద్దె పుస్తకాల కొట్టులో దారానికి వేలాడుతుంటే ఆవిడే చూసి, ఆవిడే అడగాలి. అందుకని ఆ కొట్టు నడిపే దబ్బనం బావకి అప్పగించాను.

బావ కొట్టుకి ఒక ఆచారం ఉంది. కొత్త నవల రాగానే కత్తితో నడుముకి రెండు ముక్కలు చేసి, గోనెలు కుట్టే దబ్బనంతో విడివిడిగా కుట్టి, అట్టలు వేసి, మొదటి భాగం ఒకరికీ రెండో భాగం ఇంకొకరికీ అద్దెకిచ్చేవాడు. ఆ చెయ్యి ఎంత అలవాటు పడిందంటే, ఎక్కడ కొయ్యాలో చదవకుండానే తెలిసిపోయేది. నా నవలని సరిగ్గా బేడీల దగ్గర కోశాడు.

“ఏటి బావా ఇది? నా పుస్తకాన్ని కూడానా?” అన్నాను.

“నీ పుస్తకమైతే ఏటి, దానికి నడుం లేదేటి?” అన్నాడు.

మొదటి భాగం టీచరుగారు తీసుకెళ్ళారు. రెండో భాగం, ఓడల్ని లాగే టగ్గు పడవ డ్రైవరొకడు పట్టుకుని పారాదీప్ రేవుకి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా టీచరుగారు నన్ను వీధిలో ఆపారు.

“ఏటి రైటరుగారూ, నా సేత మనిషిని సంపించేసినారు?”

“అబ్బే, స్టెల్లా మీరు కాదండీ.”

“మచ్చ బుగ్గ మారినంత మాత్రాన నానెవరో నాకు తెలవదా? మా అమ్మ రెండ్రోజులై ప్రార్దన సేత్తా మోకాళ్ళ మీంచి లేవలేదు. ఇంతకీ ఆ పిల్ల సంపిందా, లేదా? అది సెప్పండి ముందు.”

ఒక్క మాట. “లేదండీ” అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ సస్పెన్స్ విప్పకూడదన్నది డిటెక్టివ్ రచయితల కులధర్మమని నాకు ఎవరో చెప్పారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దూరంగా కొండ మీద లైట్‌హౌస్ వైపు చూస్తూ, “చదివితే మీకే తెలుస్తుంది” అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూశారు. అప్పటిదాకా మొహంలో ఉన్న నవ్వు మెల్లిగా లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత డాబా మీద సాధన వినబడింది కానీ, ఓడ కూతలకి జవాబు వినబడలేదు.

టగ్గు తిరిగొచ్చిన సాయంత్రం బావ నాకోసం కొట్టు బయటే నిలబడి ఉన్నాడు. “బావా, నీ రెండో ముక్క వచ్చీసింది. కానీ టీచరమ్మ కలకత్తా ఎల్లిపోతంది. ఏదో హోటలు బేండులో ఉజ్జోగమట. ఇంజను పక్క పెట్టిలో సీటని ఆళ్ళ సిన్నాన్న సెప్పేడు. ఎల్లు, ఎల్లు.”

ఆ ముక్క చంకలో పెట్టుకుని, ఎర్రదుమ్ము బట్టలతోనే సైకిలెక్కాను. వాల్తేరు స్టేషన్లో మద్రాసు నుంచి వచ్చిన కలకత్తా మెయిలు ఆగి ఉంది. ఇంజను దగ్గరికి పరిగెత్తి, పక్క పెట్టె ప్రతి కిటికీలోకీ తొంగి చూశాను. ఆవిడ లేరు. ఇంకా వస్తారేమోనని జుట్టు దువ్వుకుంటూ నిలబడ్డాను. వాల్తేరులో ఏ రైలైనా వచ్చిన దారినే వెనక్కి మళ్ళి వెళ్తుందనీ, అందుకని ఇంజను విప్పి అవతలి కొసకి తగిలిస్తారనీ మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నా కళ్ళ ముందే ఇంజను విప్పారు. నా పక్కనుంచే అది వెళ్ళింది. దానికి దారి కూడా ఇచ్చాను. అవతలి కొస నుంచి కూత వినబడ్డాక గానీ నా బుర్రకి వెలగలేదు. ఆవిడున్న పెట్టె అక్కడ ముందు, నేను ఇక్కడ చిట్టచివర.

రైలు వెంట పరిగెత్తుతూ, ఆ సగం పుస్తకం గాల్లో ఊపుతూ, “హంతకులు మీరు కారండీ” అని అరిచాను. ప్లాట్‌ఫారం మొత్తం నావైపు తిరిగింది. దూరంగా ఒక కిటికీలోంచి ఒక చెయ్యి కదిలింది. అది ఆవిడదో, అరటితొక్క పారేస్తున్న మరెవరిదో చెప్పలేను.

నా మోచెయ్యి మీద మాత్రం రైల్వే పోలీసాయన చెయ్యి పడింది. ఒళ్ళంతా ఎర్రగా ఉన్న నన్ను కింద నుంచి పైకి చూసి, “మరెవుడు హంతకుడు?” అన్నాడు. గదిలో కూర్చోబెట్టి, ఆధారం కింద నా రెండో భాగం తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. ఆఖరి పేజీ దాకా తల ఎత్తలేదు. చదవడం అయ్యాక కళ్ళు తుడుచుకుని, “పాపం ఆ పిల్ల మంచిదిరా. ఇంతకీ ఆయమ్మ సేతులకి బేడీలెందుకేసినారు?” అని అడిగాడు.

ఆవిడ తిరిగి రాలేదు. ఏ ఊళ్ళోనో ఉంటూ, ఎదురింటి కుర్రాడు తనని హంతకురాలిగా రాశాడనే అనుకుంటూ ఉండవచ్చు. లేకపోతే ఏనాడో మరిచిపోయి ఉండవచ్చు. రెండింట్లో ఏది నయమో తేల్చుకోలేక ఇన్నేళ్ళు గడిపేశాను. ఇప్పుడు నేను ఎవరి గురించి రాసినా, మంచివారైతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను. మీ రచనల్లో బొత్తిగా సస్పెన్స్ ఉండదండీ అని పాఠకులు ఉత్తరాలు రాస్తుంటారు. నిజమేనండీ అని ఒప్పేసుకుని, ఆ దువ్వెన పట్టుకుని ఇంజనుకి దారిచ్చిన కుర్రాణ్ణి తలుచుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.