పాప్ వద్దన్నాను

మా ఇంట్లో ఉత్తరం ఎవరి పేరున వచ్చినా చించేది మా నాయనే. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక, అందరూ ఇంకా చాప మీద ఉండగానే, పైకి చదివేవాడు. జవాబూ ఆయనే రాసేవాడు. నా స్నేహితురాలికి నా తరఫున "ఇక్కడ అందరం క్షేమం" అని రాసిన ఘనుడు. ఉదయగిరిలో మాకది తప్పుగా తోచేది కాదు. అబద్ధమెందుకు, ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా నాకూ తోచలేదు.

తొంభైల చివర్లో, బళ్లో లెక్కలు చెబుతున్న రోజుల్లో, వేసవి సెలవులకు హైదరాబాదులో కంప్యూటర్ శిక్షణకు వెళ్లాను. అక్కడి సంస్థ మాకు తలా ఒక ఈమెయిల్ పెట్టె ఇచ్చింది. ఏడాదిపాటు అక్కడే ఉండి తోటి టీచర్లకు కంప్యూటర్ నేర్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి వచ్చాను. ఫలితం ఈమెయిల్లో చెబుతామన్నారు. మాకు అందుబాటులో ఇంటర్నెట్ ఉన్నది ఆత్మకూరులో ఒకే ఒక్క సెంటర్లో. యజమాని నాయనకు చర్చి స్నేహితుడు, నాకు అన్న వరస. "ఇంత దూరం నువ్వెందుకు వచ్చేది, ఉత్తరం వస్తే నేనే పంపిస్తాలే" అన్నాడు. బుద్ధి గడ్డి తిని పాస్‌వర్డ్ ఇచ్చి వచ్చాను.

మూడు వారాలు ఓపిక పట్టి, ఒక శనివారం బస్సెక్కి ఆత్మకూరు పోయి పెట్టె తెరిస్తే ఖాళీ.

"ఏందన్నా, ఏమీ రాలేదా?"

"వచ్చిందమ్మా! కాగితం మీద కొట్టి ఉదయగిరి బస్సు డ్రైవరు చేతికిచ్చి మీ నాయనకు పంపించినాను. ఆయన జవాబు కూడా రాసి పంపినాడు, మా పిల్ల రాదు, వందనాలు అని. నేనే టైపు కొట్టినా."

నాకు ఒళ్లు మండిపోయింది. నా పెట్టెలోంచి, నా పేరుతో, నేను రానని నేనే చెప్పేశానన్నమాట. ఆ ఉత్తరం నేను చూడనైనా లేదు.

శిక్షణలో చెప్పారు, మెయిల్ తెచ్చుకునే పద్ధతులు రెండని. నేనే ఆవలిస్తూ కూర్చున్నాను. పాప్ అంటే, పోస్టాఫీసులో మన పెట్టె తెరిచి ఉన్నవన్నీ సంచిలో వేసుకుని పోవడం. సంచి ఎవరి దగ్గరుంటే ఉత్తరాలు వాళ్లవే. ఐమ్యాప్ అంటే, అక్కడే నిలబడి చదువుకుని అక్కడే ఉంచి రావడం. అన్న పెట్టింది పాప్.

"ఐమ్యాప్‌కు మార్చన్నా" అన్నాను.

"అది మన ఊళ్లకు కుదరదమ్మే. చదివినంతసేపూ నెల్లూరికి ఫోను లైను కలిసే ఉండాల. కట్టయితే మళ్లా మొదటికే. పాప్ అయితే రెండు నిమిషాల్లో దించేస్తాది. అయినా, పిల్ల ఉత్తరం నాయన చూస్తే తప్పేంది?"

"తప్పే. లైను కట్టయితే మళ్లీ కలుపుకుంటా. నువ్వు లెయ్."

నోట్లో నాలుక లేని పిల్లనని నాకు పేరు. ఆయన తెల్లబోయి కుర్చీ వదిలాడు. పాప్ తీసేసి ఐమ్యాప్ పెట్టాను, పాస్‌వర్డ్ మార్చాను. సంస్థకు రాశాను: మొదటి జవాబు నాది కాదు, నేను వస్తాను. ఆ ఒక్క వాక్యం పోయేలోపు లైను మూడుసార్లు తెగింది. మూడుసార్లూ కలిపాను.

మరుసటి శనివారం మళ్లీ పోయాను. జవాబు వచ్చి ఉంది. రెండుసార్లు చదువుకున్నాను. "కాగితం మీద కొట్టమంటావా?" అన్నాడు అన్న. వద్దన్నాను.

నేను ఇల్లు చేరేలోపే ఆయన ఫోను నాయనకు చేరింది. ప్రార్థన కాగానే నాయన కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాపాడు.

"ఉత్తరం వచ్చిందంట. ఇయ్యి."

"నా దగ్గర లేదు నాయనా. హైదరాబాదులోనే నా పెట్టెలో ఉండాది. తాళం నా ఒక్కదాని దగ్గరే ఉండాది."

ఒంటికాలి మీద లేచాడు. "నాకు చూపించని ఉత్తరం ఈ ఇంట్లోకి వచ్చేదేంది?"

"ఈ ఇంట్లోకి రాలేదు. నేనే దాని దగ్గరికి పోతున్నా, వచ్చే సోమవారం."

అమ్మ చాప చుట్టడం మర్చిపోయి నన్ను చూస్తోంది. నేను తల దించలేదు. నాయన చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, కళ్లజోడు తీసేసి అడిగాడు:

"ఏం రాసినారు?"

ఉత్తరంలో ఏముందని ఆయన ఇంకొకరిని అడగడం ఆ ఇంట్లో అదే మొదలు. చెప్పాను. చెప్పదలుచుకున్నంతే చెప్పాను.