అచ్చులో కనిపించని రక్తం

వంకర పళ్ళు సరిచేసే ఆ డాక్టరుకు ఆస్పత్రిలో ‘అచ్చులాయన’ అని పేరు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నోట్లోకి తొంగిచూడాలంటే ఆయనకు చెడ్డ విసుగు. నర్సమ్మ పళ్ళకు ప్లాస్టర్ అచ్చు తీసి బల్లమీద పెట్టాలి, ఆయన చిన్న స్కేలుతో వంకరలూ సందులూ కొలిచి మార్కులు వేయాలి. మార్కులు హద్దు దాటితే పళ్ళకు తీగ, లేదంటే ఇంటికి. పిల్లల పళ్ళతో ఇరవై ఏళ్ళు ఈ పద్ధతి నల్లేరు మీద బండిలా నడిచింది. నడవకేం, పిల్లల చిగుళ్ళు గట్టివి!

అలాంటి చోటికి నలభై మూడేళ్ళ టీచరమ్మ వచ్చింది. రెండేళ్ళుగా ముందు పళ్ళ మధ్య సందు పెరుగుతోందట, క్లాసులో పిల్లలు నవ్వుతున్నారట. అచ్చు తీసిన నర్సమ్మ, “తోముకుంటే రక్తం వస్తోందటండీ, ఒకసారి చిగుళ్ళు చూడండి” అంది.

“ముందు వంకర సంగతి చూద్దాంలేమ్మా” అన్నాడాయన. ప్లాస్టర్‌కు రక్తం రాదు కదా. పెద్దవాళ్ళకు పళ్ళు ఉన్నట్టుండి ఎందుకు జరుగుతాయని ఒక్క క్షణం ఆలోచిస్తే ఆయన సొమ్మేం పోయేది? ఆలోచించలేదు. తీగ బిగించాడు.

ఆర్నెల్లు తిరిగేసరికి ఒక ముందు పన్ను నాలుకతో తోస్తే ఊగుతోంది. అప్పుడు తీయించాడు ఎక్స్‌రే. పన్ను చుట్టూ ఎముక ముప్పాతిక వంతు కరిగిపోయింది. చిగుళ్ళ జబ్బు వల్లే పళ్ళు పట్టు తప్పి జరిగాయి. ముందు జబ్బు తగ్గించి, ఆ తరువాత కదా తీగ మాట ఎత్తాలి. ఆయన పట్టు తప్పిన పళ్ళను మరింత లాగాడు.

ఆయన నోరు తెరవకముందే, “నాదే తప్పండీ” అంది టీచరమ్మ. “తీపి మానలేకపోయాను. మా ఆయన రోజూ తిడుతూనే ఉన్నారు. సరిగ్గా తోముకోలేదేమో కూడా.”

తల ఊపితే చాలు, తప్పంతా ఆవిడ నెత్తికి పోతుంది. ఊపబోయాడు కూడా, పెద్దమనిషి! కానీ ఆవిడ క్షమించమన్నట్టు చూసేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు.

“మీది కాదమ్మా. చిగుళ్ళు చూడకుండా తీగ వేశాను. నర్సమ్మ చెప్పినా వినలేదు. ఆ పన్ను నిలవదు. మిగతావి చిగుళ్ళ డాక్టరు చూస్తే నిలవొచ్చు.”

“మా ఆయన బయట ఉన్నారు. ఈ మాట ఆయనకి చెప్పండి” అంది టీచరమ్మ.

వరండాలో అరడజను మంది కూర్చుని ఉన్నారు. ఆ భర్తను లోపలికి పిలవొచ్చు, కానీ అలా దాచుకోవడానికి డాక్టరుకు మనసొప్పలేదు. బయటికి వెళ్ళి, అందరూ వింటుండగా అదే మాట చెప్పాడు. తిడితే పడదామనే నిలబడ్డాడు.

భర్త డాక్టరు వంక చూడనే లేదు.

“చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను కదే, ఆర్నెల్లుగా. ఇంకెక్కడ తిన్నావ్?” అన్నాడు, వెనకే వచ్చిన భార్యతో.